గాలి కొట్టే లెక్క

జగన్నాథగట్టు వెనక దిగుడులో
పల్లేరుకాయకు దొరికింది నా వెనక టైరు.
లోపల చెయ్యి పెట్టి తడిమితే మూడు ముళ్ళు.
ఒకటి నా వేలికి కూడా వాటా ఇచ్చింది.
పొద్దున ఏడు. అప్పుడే కాగుతున్నాయి రాళ్ళు.

ట్యూబు మార్చినాక
మద్దిలేటి సంచిలోంచి సన్నపంపు తీసినాడు.
నగల అంగట్లో తూయించినాడంట, తొంబై రెండు గ్రాములు.
"పెండ్లిలో పెట్టే గొలుసు కూడా ఇంత నైసుగా ఉండదన్నా."
నైసే, కాదనను.
దెబ్బకు ఇరవై అయిదు మిల్లీలీటర్లు,
నాలుగొందల దెబ్బలు కొడితే టైరు లేస్తుంది,
మనిషి పడుకుంటాడు.

ఈ లెక్కలే నా కూడు.
పెద్దాసుపత్రి ఛాతీ వార్డులో
ఊపిరి కొలిచే మిషను నాది.
ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం,
"ఊదు నాయనా, ఊదు ఊదు ఊదు, ఇంకా, ఇంకా" అని
పొద్దస్తమానం అరిచే గొంతు ఇది.

ఉస్మాన్‌బాషాది లావుది, బీరకాయంత.
దెబ్బకు తొంబై. మొదట వెన్న.
ఇరవై పౌండ్లు దాటిందంటే
చాలులో పడుకున్న ఎద్దు.
పైగా దాని పట్టీ వదులు:
రాళ్ళబాట పొడుగునా టకటక టకటక,
ముంగిసలు కూడా విసుక్కుని పక్కకు తప్పుకుంటాయి.

సుంకన్నది కరెంటుది.
బటను నొక్కితే తేనెతుట్టె మాదిరి మోగి
నిమిషంన్నరలో పని ముగిస్తుంది.
రాత్రి ఛార్జి పెట్టడం మర్చినాడు.
ఇప్పుడది పావుకేజీ ఇటుక.

నాది నడిమి రకం.
రబ్బరు గొట్టం, చివర మర,
గోరంత మీటరు, అదెప్పుడూ అబద్ధమే.
రెండువందల పది కొట్టినాను.
చెమట కంట్లోకి దిగింది, చెయ్యి తీసి తుడుచుకోలేదు, లెక్క తప్పుతుందని.
టైరు రాయయింది.
గొట్టం మర విప్పుతుంటే
వాల్వు గుండె కూడా దాంతో పాటే ఊడొచ్చింది.

తుస్సు.

గట్టంతా వినబడింది.
మద్దిలేటి నవ్వలేక కూలబడినాడు,
కూలబడినచోట ఇంకో పల్లేరు ఉంది, న్యాయమే.

మళ్ళీ మొదట్నుంచి.
ఈసారి లావుదానితో, ఒకరికి ముప్పై చొప్పున.
ఒకటి, రెండు, మూడు
టైరు కడుపు దాదాపు అయిదు లీటర్లు,
బాగున్న మొగోని ఊపిరికి రోంత అటూ ఇటూ.
ఇది ఎవరికీ చెప్పలేదు, దెబ్బలు ఎంచేటప్పుడు
నోరు ఖాళీ ఉండదు.
ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది
మొన్న బేతంచెర్ల నుంచి వచ్చినాడు ఓబులేసు.
ఇరవై రెండేండ్లు రాయి పాలిషు.
కనురెప్పల వెంట్రుకల్లో ఇంకా తెల్లపొడి,
స్నానం చేసే వచ్చినానన్నాడు.
గొట్టం అంచును ముందు పంచెతో తుడిచి నోట్లో పెట్టుకున్నాడు.
ఊదినాడు.
కాగితం మీద గీత లేచింది,
గుక్కెడెత్తు లేచి అట్లే పండుకుంది.
లీటరు మీద ఒక పావు.
"సార్, ఇది పాసా, ఫెయిలా?"
మూడుసార్లు ఊదాలి, రూలు.
"ఇంకోసారి ఊదు" అన్నాను.

నూటపద్దెనిమిది. నూటపంతొమ్మిది. నూటిరవై.
ఉస్మాన్‌బాషా వాల్వును రెండు వేళ్ళతో
తేలు కొండిని పట్టినట్టు పట్టినాడు,
నేను పంపు మూతిని మెల్లగా లాగినాను.
నిలిచింది.

బొటనవేలితో టైరును నొక్కి చూసి
"చివరికి ఏది కొనమంటావన్నా?" అన్నాడు సుంకన్న,
ఇటుకను సంచిలో దాచుకుంటా.
నోటుబుక్కులో రాసుకున్నవన్నీ చదివినాను:
బరువు, దెబ్బలు, ధర, ఏ మూతి ఏ వాల్వుకు పడుతుంది.
వినకుండానే దిగిపోయినారు ముగ్గురూ,
టకటక టకటక.

పోయేముందు ఓబులేసు
వాకిట్లో చెప్పులేసుకుంటా అన్నాడు,
ఫ్యాక్టరీకి ఈ పొద్దుకూ సైకిలు మీదే పోతానని.
దానికి గాలి ఎవరు కొడతారో
అడగలేదు నేను.